లప్పం పెట్టిన డబ్బాలు

మా అక్కని ఈ వీధిలో అందరూ మైకు అంటారు. వెనకాల కాదు, మొహం మీదే. "మైకు ఇంట్లో ఉందా?" అని నన్నే అడుగుతారు. అదేమీ పట్టించుకోదు. "అవును, మైకునే. మీకు చెవులుంటే నాకీ అరుపులెందుకు?" అంటుంది. కూరల బండివాడు తూకంలో వేలు పెడితే వీధి చివరి దాకా వినబడేలా కడిగేస్తుంది. నీళ్ల దగ్గర వరస తప్పినవాళ్లకి ఏడు తరాలూ గుర్తొచ్చేలా చేస్తుంది. ఇంక మా బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆయన పెయింటరు. సాయంత్రం పని నుంచి రాగానే చొక్కా మీద రంగు చుక్కల దగ్గర మొదలుపెట్టి, వాళ్ల మేనత్త పిసినారితనం దాకా వెళ్లేది. ఆయన నవ్వుతూ కాళ్లు కడుక్కుని, "అయిందా, ఇంకా ఉందా? ఉంటే అన్నం తింటూ వింటాను" అనేవాడు. తిట్లు తినందే బావకి అన్నం అరగదని మేం ఎగతాళి చేసేవాళ్లం.

అలాంటి మా అక్క నోరు మూతబడిపోయింది. ఆ సంగతి చెబుదామనే మొదలుపెట్టాను. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది, మధ్యలో గొంతు పెరిగితే ఏమనుకోకండి. మేమిద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లమే.

నాది ఇస్త్రీ పని. బొగ్గుల పెట్టె, ఒక బల్ల, మీద ఓ రేకు. అక్కావాళ్లు అద్దెకుండే ఇంటి మెట్ల పక్కనే నా బల్ల. కింద ఇంటావిడ ఉంటుంది, మధ్య అంతస్తులో ఆవిడ సామాను ఉంటుంది, పైన డాబా మీద ఒకే ఒక్క గది, అదే మా అక్క కాపురం. ఎవరు ఎక్కినా ఎవరు దిగినా నా ముందు నుంచే పోవాలి. అందుకే కచ్చితంగా చెప్పగలను. కిందపడ్డ తర్వాత ఆస్పత్రి నుంచి తెచ్చి ఆ మెట్లెక్కించాక మా బావ ఎన్నాళ్లపాటో ఆ మెట్లు దిగలేదు.

పడటం అంటే ఆయనేమీ తాగి పడలేదు, తూలి పడలేదు. కాంట్రాక్టరు కట్టించిన పరంజా తాడు పుచ్చిపోయి తెగింది. ఆ పెద్దమనిషి సంచిలో నాలుగు పళ్లు పట్టుకుని ఆస్పత్రికొచ్చి ఏమన్నాడో తెలుసా? "ఇన్నేళ్ల అనుభవం ఉంది, చూసుకుని నిలబడొద్దా?" అన్నాడు. గాల్లో నిలబడ్డవాడు తాడు చూసుకోవాలా, గోడ చూసుకోవాలా? తాడు చూసుకోవాల్సింది నువ్వు కాదట్రా? ఆ పళ్లు తీసి వాడి మొహాన కొట్టేదాన్నే, నర్సు నా చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత ఆ మనిషి నీడ కూడా మా గుమ్మం తొక్కలేదు.

కాలు అతుక్కుంది. డాక్టరు నడవమన్నాడు, నెమ్మదిగా పనికి కూడా వెళ్లొచ్చన్నాడు. బావ మాత్రం మంచం మీద గోడకానుకుని కూర్చునేవాడు. మెట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయనేవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి గీకుతూ, రుద్దుతూ ఉండే ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండిపోయేవాడు. గది మూల ఆయన రంగు బకెట్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉండేవి. వాటి పైన బ్రష్షులు, గోడ పగుళ్లు పూడ్చే లప్పం తీసే రేకులు. అక్క వాటిని తుడిచేది గానీ అక్కణ్ణుంచి జరిపేది కాదు.

నాకు కోపం ఎక్కడొచ్చిందంటే, అక్క ఆయన్ని తిట్టడం మానేసింది. "తింటావా?" "కాస్త పడుకో." "మందేసుకున్నావా?" ఇవే మాటలు, అవీ మెత్తగా. ఏదో పరాయి ఇంట్లో రోగిని చూసుకుంటున్నట్టు. ఒకరోజు ఆయన చేతిలోంచి టీ గ్లాసు జారి కొత్త దుప్పటి మీద ఒలికింది. పాత రోజుల్లో అయితే వీధంతా పండగే. అక్క దుప్పటి తీసి నీళ్లలో పడేసి, "పోన్లే, ఉతికితే పోతుంది" అంది. బావ దాని మొహం వంక చూసి తల గోడకి తిప్పుకున్నాడు. "ఏమే, నోరు పడిపోయిందా నీకు?" అని నేను కింద అడిగితే, "దెబ్బ తిన్నవాణ్ణి ఏమంటామే" అంది.

ఇక ఇల్లు నడవాలి. అక్క ఒక ఆఫీసు కాంటీన్లో కూరగాయలు తరుగుతుంది. రోజూ గోనెసంచుల కొద్దీ తొక్కలు, కాడలు, టీ పిప్పి చెత్తబండిలోకి పోతాయి. ఆ ఆఫీసు గేటు పక్కన మొక్కలు అమ్మే ఆయన ఒకడున్నాడు. ఆయన ఓ రోజు, "ఈ తొక్కలు మురగబెట్టి మంచి ఎరువు చేసి తెస్తే ఎంతైనా నేనే తీసుకుంటానమ్మా" అన్నాడట. ఎలా చెయ్యాలో కూడా చెప్పి, కలుపుకోమని గుప్పెడు పాత ఎరువు పొట్లం కట్టి ఇచ్చాడు. కొనుక్కోవడానికి కొట్లో డబ్బాలున్నాయి, కుళాయితో సహా, బొమ్మలతో సహా. వాటి ధర విని అక్క నవ్విందట. కూర్చుని తినే కుర్చీకి కూడా అంత పెట్టం, కుళ్లబెట్టే తొక్కలకి పెడతామా?

సరే, పిండి కొద్దీ రొట్టె అని, పాత సామాన్ల కొట్టుకి వెళ్లింది. మూత పగిలిన నీళ్ల డ్రమ్ము, చెవి ఊడిన టబ్బు, నూనె డబ్బాలు రెండు మూడు ఏరుకొచ్చింది. "ఇంట్లో బావ బకెట్లు అన్ని ఉండగా ఈ పగుళ్లవెందుకే?" అన్నాను. నన్నొక చూపు చూసింది. "అవి ఆయన పనివి" అంది. అంతే. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

బొక్కలు నా బల్ల దగ్గరే పెట్టింది. నా ఇస్త్రీ బొగ్గుల్లో ఇనప చువ్వ ఎర్రగా కాల్చడం, డబ్బాకి గుచ్చడం. పక్కలకి వరసగా, అడుగున ఇంకొన్ని. పక్క బొక్కల్లోంచి గాలి ఆడాలి, అడుగు బొక్కల్లోంచి నీరు దిగాలి, లేకపోతే ఎరువు కాదు, కుళ్లు అవుతుందని మొక్కలాయన మరీ మరీ చెప్పాడట. ప్లాస్టిక్ కాలిన పొగకి నేను దగ్గుతూ, ఎవరిదో తెల్ల చొక్కా దూరంగా జరుపుకుంటూ, దాన్ని తిడుతూ ఉన్నాను. అది నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. పగిలిన మూత బదులు పాత దోమతెర గుడ్డ కట్టింది. విరిగిన గొడుగు ఊచ తిప్పడానికి తీసుకుంది. వీధులు ఊడ్చేవాళ్ల దగ్గర ఎండుటాకులు బతిమాలి తెచ్చుకుంది. డాబా మీద ఇటుకల మీద వరసగా డబ్బాలు పెట్టి, ఒక వరస తొక్కలు, ఒక వరస ఆకులు వేసింది. బావ మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు, ఇదేమిటని అడగలేదు. అదీ చెప్పలేదు. వాళ్లిద్దరి మధ్య అప్పటికి మాటలు అంత కరువయ్యాయి.

మొదటి నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత అడుగు బొక్కల్లోంచి గోధుమరంగు నీళ్లు దిగి డాబా మీద మరకలు పడ్డాయి. ఇంటావిడ బట్టలారేయడానికి పైకెళ్లి చూసి, అక్క లేని టైములో, బావ ముందు నిలబడి నానా మాటలూ అంది. "ఇల్లా, చెత్తకుండీయా? మీ ఆవిడ వచ్చాక చెప్పు, ఈ మరకలు పోకపోతే ఊరుకోను" అని. కదలకుండా కూర్చున్న మనిషి మీదా నీ ప్రతాపం? అద్దె ఇవ్వలేదా మేము? నేను కింద వింటూ ఇస్త్రీ పెట్టె ఎంత గట్టిగా నొక్కానంటే ఎవరిదో కాలరు మాడిపోయింది.

మర్నాడు సాయంత్రం అక్క పని నుంచి వచ్చి పైకెళ్లింది. కాసేపటికి మెట్లు దబదబా దిగొచ్చి నన్ను కౌగిలించుకుని ఏడ్చేసింది. నేను కంగారుపడి, "బావకేమైంది?" అన్నాను. "పైకి రా" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది. డబ్బాలన్నీ నిగనిగలాడుతున్నాయి! ఆకుపచ్చ రంగు, పైన అంచుకి సన్నగా పసుపు గీత. గీత ఎక్కడా వణకలేదు. బావ మంచం మీదే ఉన్నాడు గానీ గోళ్ల సందుల్లో రంగుంది. "మిగిలిన రంగు ఎండిపోతోంది, పారేయడం ఎందుకని" అన్నాడు, మా వైపు చూడకుండా.

ఆ రోజు మా అక్క మొహం చూడాల్సింది. రంగు వేసిన డబ్బాల చుట్టూ తిరిగి తిరిగి చూసింది. ఆయన చేతులు పని పట్టాయి, అదొక్కటే దానికి కనబడింది. నాకూ అదే కనబడింది, నేనేదో తెలివైనదాన్నని చెప్పుకోవట్లేదు.

తర్వాత కంపు మొదలైంది. నిజం చెప్పొద్దూ, కంపంటే మామూలు కంపు కాదు. మెట్ల మీంచి దిగి నా బల్ల దాకా వచ్చేది. ఉతికి ఇస్త్రీకిచ్చిన బట్టలు వాసన చూసి జనం నన్ను అనుమానంగా చూశారు. ఇంటావిడ ముక్కుకి గుడ్డ కట్టుకుని పైకెళ్లి, "ఆదివారం పొద్దున్న వచ్చి చూస్తాను. ఈ కంపు పోయిందా సరే. పోలేదా, డబ్బాలతోపాటు మీరూ పొండి" అనేసింది. పొమ్మంటే ఎక్కడికి పోతాం? మెట్లు దిగలేని మనిషిని ఏ గదికి మోసుకెళ్తాం? ఆ అద్దెకి ఈ చుట్టుపక్కల పశువుల కొట్టం కూడా రాదు. అక్క చేతులు కట్టుకుని, "నాకు చేతకాలేదమ్మా, నేర్చుకుంటున్నాను, ఆదివారానికల్లా పోగొడతాను" అంది. మా అక్క! చేతులు కట్టుకుని!

ఇంటావిడ వెళ్లాక నేను ఆవేశంగా ఒక డబ్బా పక్కకి వంచి చూశాను, అసలు ఏం కుళ్లిందో చూద్దామని. అడుగున బొక్క లేదు. పక్కలకి తడిమాను. ఒక్కటీ లేదు. రంగు కింద వేలికి నున్నగా తగిలింది. బొక్క బొక్కకీ లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, పైన రంగు వేశాడు మహానుభావుడు! గోడకి బొక్క కనబడితే పూడ్చడమే జీవితమంతా చేసిన పని. నీళ్లు కారుతున్నాయని ఇంటావిడ తిట్టింది, ఆయన కారకుండా చేసేశాడు. గాలి లేదు, నీరు పోయే దారి లేదు, తొక్కలు వాటి నీళ్లలో అవే మునిగి కుళ్లుతున్నాయి.

"బావా!" అని గట్టిగా పిలవబోయాను. అక్క నా నోరు మూసేసింది. నిజంగానే, చేత్తో. నన్ను డాబా మూలకి లాక్కెళ్లి, "నోరెత్తావంటే చంపేస్తాను" అంది గుసగుసగా. "ఇన్నాళ్లకి ఆ చేతులు కదిలాయి. చేసిన ఆ ఒక్క పనీ తప్పంటే మళ్లీ ముడుచుకుపోతాడు. ఇంక లేవడు."

"ఇల్లు పోతుందే!"

"ఇల్లు పోనివ్వను. ఆయన్నీ పోనివ్వను."

"అందుకని ఆ ఇంటావిడ దగ్గర నువ్వు తిట్లు తింటావా?"

"నేను ఎంతమందిని తిట్టలేదు? కొన్ని నేనూ తింటాను" అంది, బావకి చెప్పనని నా చేత మాట తీసుకుంది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. నాకుంది ఆ దురద, ఏం చెయ్యను? తప్పు చేసినవాడు మంచం మీద, చెయ్యనిది చేతులు కట్టుకుని.

కానీ మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. బావ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు అక్క సెలవు పెట్టి వచ్చి, డబ్బాల్లోది గోనెసంచుల్లోకి ఒంపి, ఒక్కొక్కటే కిందకి తెచ్చేది. మళ్లీ నా బొగ్గులు, మళ్లీ చువ్వ. ఎండుటాకులు ఎక్కువ కలిపి మళ్లీ నింపింది. కాంటీన్లో సొట్టపడి పారేసిన ట్రేలు తెచ్చి కింద పెట్టింది, మరకలు పడకుండా. ఆ పచ్చరంగు మీద నల్లగా కాలిన బొక్కలు పడుతుంటే అది కళ్లు తిప్పుకునేది. బొక్కలున్న వైపు గోడకి తిప్పి పెట్టింది, ఆయనకి కనబడకుండా. కంపు కొంచెం కొంచెంగా తగ్గసాగింది.

ఆదివారం పొద్దున్నే అక్క ఆకులకోసం వెళ్లి ఇంకా రాలేదు. నేను బొగ్గులు రాజేస్తున్నాను. మెట్ల మీద ఏదో చప్పుడైంది. ఇటుకలు దొర్లుతున్నాయేమో అనుకుని తలెత్తి చూశాను. బావ! ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేతిలో ఖాళీ చేసిన నూనె డబ్బా పట్టుకుని, మెట్టు తర్వాత మెట్టు దిగుతున్నాడు. మొహం చెమటతో తడిసిపోయింది. నా చేతిలో విసనకర్ర అలాగే ఆగిపోయింది. పలకరిస్తే ఎక్కడ వెనక్కి తిరుగుతాడో అని ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

నేల మీద కాలు పెట్టగానే ఆయన అరుపు. "చూడు మరదలా, ఇది చూడు! నేను పెట్టిన లప్పం ఊడిపోయింది! అన్నిటికీ! ఇన్నేళ్లలో ఒక్క గోడకి, ఒక్క తలుపుకి నా లప్పం ఊడిందని ఎవడైనా అన్నాడా? ఆ రంగుల కొట్టువాడు కల్తీ సరుకు అంటగట్టాడు. వాడి సంగతి తేలుస్తాను!" అని, కుంటుకుంటూ వీధిలో పడ్డాడు. ఆయన అంత కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తిట్లు తినే మనిషే గానీ తిట్టే మనిషి కాదు. నేను బొగ్గుల మీద నీళ్లు చల్లి వెనకాల పరిగెత్తాను.

రంగుల కొట్టాయన ఆయన్ని చూసి, "ఏం గురువా, బతికే ఉన్నావా!" అని సంతోషంగా లేచాడు. బావ డబ్బా బల్ల మీద ధన్‌మని పెట్టాడు. "బతికే ఉన్నాను కాబట్టే వచ్చాను. నేను చస్తే అడిగేవాడుండడనుకునేనా ఈ సరుకు అమ్మావు? చెయ్యి పెట్టి చూడు, ఎలా ఊడిందో!"

కొట్టాయన కళ్లజోడు పెట్టుకుని డబ్బా తిప్పి తిప్పి చూశాడు. బొక్క అంచు మీద వేలు తిప్పాడు. ఇంకో బొక్క చూశాడు. "గురువా, కోప్పడకు. నా లప్పం ఊడలేదు. ఇదిగో, ఈ పక్క ఇంకా పట్టుకునే ఉంది చూడు. కాల్చి గుచ్చారిది. అంచు కరిగి ముద్దకట్టింది." తర్వాత ఆ పసుపు గీత మీద వేలు నడిపించి, "గీత మాత్రం నీదే. ఇంత నున్నగా పెట్టే చెయ్యి లేకే కదా ఆ స్కూలు ప్రహరీ గోడ అలాగే పడుంది. నేల మీద నిలబడి చేసే పని, ఒక్కడు కుదరట్లేదు" అన్నాడు.

బావ ఆ మాటలు విన్నాడో లేదో తెలీదు. అంచు మీద తనూ వేలు పెట్టి చూశాడు. ఆయనకి చూపిస్తే చాలు, చెప్పక్కర్లేదు. నా వైపు తిరిగాడు.

"ఎవరు కాల్చారు?"

అక్కకి మాటిచ్చాను. కానీ నేను అబద్ధం ఆడితే నా మొహమే చెప్పేస్తుంది, అది పుట్టుకతో వచ్చింది. "అక్కే. మొదట పెట్టిందీ అదే. ఆ బొక్కలు ఉండాలి బావా. గాలికి. నువ్వు పూడ్చావు కాబట్టే కంపు. ఇంటావిడ ఇవాళ ఖాళీ చేయిస్తానంది. నీతో చెప్పొద్దని నా నోరు మూసింది" అని అంతా ఒక్క గుక్కలో కక్కేశాను.

ఆయన డబ్బా చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు. మెట్ల దగ్గర ఆగుతాడేమో అనుకున్నాను. ఆగలేదు. గోడ పట్టుకుని ఎక్కేశాడు.

పైన ఇంటావిడ అప్పటికే వచ్చేసింది. అక్క ఆకుల సంచి పక్కన పడేసి, ఆవిడ ముందు మళ్లీ అదే చేతులు కట్టుకుని నిలబడింది. మంచం ఖాళీగా ఉండటం చూసి దాని కళ్లు నాలుగు దిక్కులా వెతుకుతున్నాయి. "తగ్గిందంటావు, ఏం తగ్గింది?" అంటోంది ఇంటావిడ. "ఇంకా వస్తూనే ఉంది. చేతకాని పనులెందుకు నీకు?"

"నాదే తప్పమ్మా, నాకు తెలీక..."

"దాని తప్పు కాదు!" అని బావ మెట్ల తలుపు దగ్గర్నుంచి అరిచాడు. ఆయాసంతో రొప్పుతున్నాడు. "అది సరిగ్గానే చేసింది. బొక్కలు పూడ్చింది నేను. కంపు నా వల్ల. అనాల్సినవి నన్ను అనండి."

అక్క ఆయన్ని చూసింది, ఆయన చంకలో డబ్బా చూసింది, వెనకాల నన్ను చూసింది. ఆ చూపుకి నేను తలుపు చాటుకి తప్పుకున్నాను. "ఎందుకు చెప్పావయ్యా? నేను సర్దుకుంటున్నాను కదా" అంది మెత్తగా, అదే ఆస్పత్రి గొంతుతో.

అంతే, బావకి ఎక్కడ లేని కోపం వచ్చింది. డబ్బా నేలకేసి కొట్టాడు. "అదే! ఆ మాటే వద్దంటున్నాను! నా తప్పు నువ్వు నెత్తిన వేసుకుంటావు. పరాయివాళ్ల దగ్గర చేతులు కట్టుకుంటావు. నన్ను మాత్రం ఒక్క మాట అనవు. కిందపడ్డ దగ్గర్నుంచి ఒక్కసారి తిట్టావా నన్ను? టీ ఒలకబోస్తే తిట్టలేదు. పని మానేసి కూర్చుంటే తిట్టలేదు. ఇల్లు పోయే తప్పు చేస్తే కూడా తిట్టలేదు. చచ్చినవాళ్లనేనే ఎవరూ తిట్టనిది! నేను చచ్చానా?"

ఇంటావిడ ముక్కు మీద గుడ్డ జారిపోయింది, ఆవిడ ఎత్తుకోలేదు. అక్క ఏడుస్తుందనుకున్నాను.

ఏడవలేదు. ఊపిరి తీసుకుంది.

"చచ్చావా అని నన్నడుగుతావేంటయ్యా? బొక్కలు పూడ్చే ముందు నోరు తెరిచి ఒక్క ముక్క అడిగి చచ్చావా? ఇదెందుకే అని అడిగితే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? గోడకీ డబ్బాకీ తేడా తెలీని మనిషి పెయింటరట! రేపు నా ముక్కుకి కూడా రెండు బొక్కలున్నాయని లప్పం పెడతావు! నేను ఎండలో ఆకులేరుకుంటూ తిరుగుతుంటే, నువ్వు మంచాన కూర్చుని పసుపు గీతలు గీస్తావా? కుళ్లు తొక్కలకి గీతలు! మీ మేనత్త కూడా ఇంతే, పగిలిన కుండకి ముగ్గేసింది..."

మైకు వచ్చేసింది. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. పక్క డాబా మీద బట్టలారేసే ఆయన చేతిలో తడి ప్యాంటుతో నిలబడిపోయాడు. ఇంటావిడ రెండు మూడుసార్లు మధ్యలో ఏదో అనబోయింది, సందు దొరకలేదు. చివరికి చెవులు మూసుకుని మెట్లు దిగుతూ, "ఈ నోటికన్నా ఆ కంపే నయం! ఏదో తొందరగా తగలెట్టండి!" అంది. నేను పక్కకి జరిగి దారిచ్చాను.

బావ నేల మీద కూర్చుని, తాను విసిరిన డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. సొట్ట పడింది. జేబులోంచి లప్పం రేకు తీసి, బొక్కల చుట్టూ ముద్దకట్టిన ప్లాస్టిక్ గీకి గుండ్రంగా చేస్తున్నాడు. తిట్లు ఆయన నెత్తిన పడుతూనే ఉన్నాయి. ఆయన కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి, మొహం మాత్రం పాత రోజుల్లో అన్నం ముందు కూర్చున్నప్పటి మొహం. "అయిందా, ఇంకా ఉందా?" అన్నాడు.

"ఇంకా మొదలే పెట్టలేదు! ఉన్న ఒక్క మంచి డబ్బా సొట్ట పెట్టావు. ఇంక దేంట్లో వెయ్యను తొక్కలు? ఆ మూల బకెట్లు ఇలా పడెయ్యి, వాటికే పెడదాం బొక్కలు. ఎలాగూ దుమ్ము కొట్టుకుపోతున్నాయి."

బావ గీకడం ఆపాడు. "వాటి జోలికొచ్చావంటే ఊరుకోను" అన్నాడు. "రేపు పనికి పట్టుకెళ్లాలి. స్కూలు ప్రహరీ గోడ."

మా అక్క నోరు తెరిచింది. నా ఎదురుగా, వీధి మొత్తం వింటుండగా, మైకు ఆగిపోయింది. అది మోచేత్తో మొహం తుడుచుకుంది, ముక్కు చీదింది, వెళ్లి ఆ బకెట్ల మీద చెయ్యి పెట్టి కాసేపు అటు తిరిగి నిలబడింది.

"సరే, రేపు చూద్దాం" అంది చివరికి. "ముందు ఆ డబ్బాకి అడుగున బొక్కలు సరిగ్గా పెట్టి ఏడువు."